విదార్ పెట్టె

ఆ అట్టపెట్టె సీవ్ ఇంటి నేలమాళిగలో మూడేళ్లుగా పడి ఉంది. దాని మీద లావుపాటి అక్షరాలతో "విదార్" అని రాసి ఉంటుంది. విడాకులు తీసుకున్న రోజుల్లో మొగుడి పాత సామానంతా అందులో కుక్కి, సీవ్ తన చేత్తోనే టేపు వేసింది.

"కావాలంటే వచ్చి పట్టుకుపొమ్మను. నేనేం అతని కూలీదాన్ని కాను" అంటుంది ఆవిడ.

"కుక్కింది ఆవిడ. తెచ్చి నా గుమ్మంలో పెట్టాల్సిందీ ఆవిడే" అంటాడు అతను.

రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క వంతెన. పదిహేనేళ్ల కూతురు తీరిల్ ఒక వారం అమ్మ దగ్గరా ఒక వారం నాన్న దగ్గరా ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం బట్టల సంచీ, మంచు మీద జారే స్కీలూ మోసుకుని ఆ వంతెన దాటుతుంది. ఆ పెట్టెని కూడా పట్టుకెళ్లమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు ఓడిపోయినట్టు కదా. పెద్దవాళ్ల పంతాలు ఇంత ఘనంగా ఉంటాయి.

ఈ రాకపోకల్లో తీరిల్ ఒక విద్య నేర్చుకుంది. మొదటి ఏడాది పక్కింటివాళ్ల కిటికీ అద్దం పగలగొట్టి, "నాన్న వాళ్లింట్లో బంతి లోపలే ఆడనిస్తారు" అంది. అంతే, సీవ్ అద్దం సంగతి మరిచిపోయి ఫోనందుకుంది. లెక్కల పరీక్షలో సున్నా వస్తే, "అమ్మ వారంలో చదవడానికి కుదరలేదు" అంది. విదార్ ఒంటికాలి మీద లేచాడు, ఈ పిల్ల మీద కాదు. అలా ఏ తప్పు చేసినా అది తన దాకా వచ్చేది కాదు, మధ్యలోనే ఒకరు లాక్కుని రెండోవాళ్ల మీదకి విసిరేవారు. మొదట్లో పిల్లకి భయమేసేది. తర్వాత హాయిగా అనిపించసాగింది. అదే అసలు ప్రమాదం.

ఊరి స్కీ క్లబ్బుకి సీవ్ అధ్యక్షురాలు. స్కీలు జర్రున జారడానికి పూర్వం అందరూ అడుగున రుద్దుకునే ఫ్లోరిన్ పొడి మీద కొన్నేళ్ల కిందట నిషేధం వచ్చింది, అయినా చాటుగా వాడేవాళ్లున్నారు. అది ఊపిరితిత్తులకీ ఏటి నీళ్లకీ విషమట. కిందటి శరదృతువులో ఆవిడ ఇంటింటికీ తిరిగి, పాత డబ్బాలన్నీ పోగు చేయించి, ఊరి పత్రికలో ఫొటో దిగింది. ఒక్క ఇల్లు మాత్రం వెతకలేదు, తన ఇల్లు. విదార్ పెట్టెలో అతను స్కీ పందాల్లో గెలిచిన పాత కప్పులతో పాటు ఆ పొడి డబ్బా కూడా ఉందని ఆవిడకి తెలుసు. కానీ అతని సామాను తను ముట్టుకోవడమేమిటి?

"మీ నాన్న గెలిచిన కప్పులన్నీ ఆ విషం పుణ్యమే. దొరక్కపోవడమే అతని నిజాయితీ" అని అమ్మ వారంలో అమ్మ.

"మీ అమ్మకి నిజాయితీ అంటే ఫొటో దిగడం. ఆ పొడి వేసుకోనివాడెవడు? పైకి ఒప్పుకోరు, అంతే" అని నాన్న వారంలో నాన్న.

ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నామనే అనుకున్నారు. పిల్ల మాత్రం రెండు మాటల్నీ కలిపి తనకి కావలసిన అర్థం తీసుకుంది.

ఆ చలికాలం జిల్లా జట్టులో ఒకే ఒక్క చోటు మిగిలింది. దానికి పోటీ తీరిల్‌కీ, ఆమె ప్రాణస్నేహితురాలు మైకెన్‌కీ. మైకెనే కాస్త వేగంగా స్కీ చేస్తుంది, అది అందరికీ తెలిసిందే. అంతకంటే తీరిల్‌కి ఒళ్లు మండించేది ఇంకొకటుంది. మైకెన్ అమ్మా నాన్నా పందెం చివరి గీత దగ్గర ఒకే ఫ్లాస్కు పట్టుకుని, కాఫీ నువ్వు ఎక్కువ తాగావంటే నువ్వు తాగావని సరదాగా కీచులాడుకుంటూ నిలబడతారు. అది చూసినప్పుడల్లా మైకెన్ ఒక్కసారైనా ఓడిపోవాలని తీరిల్‌కి కసిగా ఉండేది.

ఆ చోటు ఎవరిదో తేల్చే పందెం ముందురోజు సాయంత్రం, సీవ్ క్లబ్బు పనులకి వెళ్లాక, తీరిల్ నేలమాళిగలోకి దిగి పెట్టె టేపు కోసింది. పాత స్వెట్టర్ల కింద డబ్బా దొరికింది. స్కీల అడుగున పొడి చల్లి, మైనం కరిగించే ఇస్త్రీపెట్టెతో రుద్ది, కిటికీ తెరిచి వాసన పోగొట్టింది. డబ్బాని తన సంచీలో దాచి, పెట్టెకి మళ్లీ టేపు వేసింది. ముందున్నది గోధుమరంగు టేపు. ఈ పిల్లకి దొరికింది తెల్లది.

మర్నాడు మంచు తడితడిగా ఉంది. అందరి స్కీలూ అతుక్కుపోతుంటే తీరిల్ స్కీలు జారాయి. వాలులో చేతికర్రలైనా ఆడించకుండా మైకెన్‌ని దాటేసింది. గెలిచింది. పిల్లల స్కీలకి మైనం పట్టించే ముసలి శిక్షకుడు తోర్గైర్ దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏం మైనం వేశావమ్మాయ్?"

"నాన్న వేశాడు" అంది తీరిల్. ఆలోచించి అన్నది కూడా కాదు, నోటికి అలవాటైన మాట.

మైకెన్ మాత్రం ఏడ్చి, ముఖం తుడుచుకుని, తన మందపాటి కొత్త చేతి తొడుగులు తెచ్చి తీరిల్ చేతిలో పెట్టింది. "జిల్లా జట్టుతో వెళ్లే చోట చలి ఎక్కువటే. నాకిప్పుడు అవసరం లేదుగా. మంచి పేరు తీసుకురా" అంది. ఆ తొడుగులు తీరిల్ సంచీలో, డబ్బా పక్కనే చేరాయి.

స్కీలు మరీ జారాయనీ, మైనం నాన్న వేశాడని తీరిల్ చెప్పిందనీ తోర్గైర్ ద్వారా సీవ్‌కి చేరింది. ఆవిడ నేలమాళిగలోకి పరిగెత్తి తెల్ల టేపు చూసింది.

"మూడేళ్లు రమ్మంటే రాని పెద్దమనిషి, ఇప్పుడు దొంగలా వచ్చాడన్నమాట. ఇంటి తాళంచెవి నువ్వే ఇచ్చావు కదూ? భయపడకు, నిన్నేమీ అనను. నిన్ను ఆడిస్తున్నది ఎవరో నాకు తెలియదా?"

తీరిల్ తల దించుకుంది. అమ్మకి అదే జవాబైపోయింది.

ఆదివారం వంతెన దాటితే, సీవ్ ఫోన్లో దొంగ అన్నందుకు అక్కడ విదార్ నిప్పులు కక్కుతున్నాడు. "డబ్బా ఎవరింట్లో ఉంది? అధ్యక్షురాలి ఇంట్లో. నువ్వు గెలవాలని తనే రుద్ది, ఇప్పుడు నా నెత్తిన రుద్దుతోంది. నువ్వేం భయపడకు తల్లీ, నేను చూసుకుంటా."

భయపడకు అని ఇద్దరూ అన్నారు. నువ్వు వేశావా అని ఒక్కరూ అడగలేదు. వాళ్లకి ఆ ప్రశ్నే తట్టలేదు. ఆ తర్వాత రెండు రోజులూ తీరిల్‌కి సంచీ జిప్పు తెరవబుద్ధి కాలేదు.

జట్టులో ఎవరుండాలో తేల్చడానికి పెట్టిన క్లబ్బు సమావేశంలో బల్ల మీద వాఫుల్స్ అనే తీపి అట్లు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. సీవ్ లేచి విదార్‌ని దొంగ అంది. విదార్ లేచి సీవ్‌ని నాటకాలరాయుడి చెల్లెలు అన్నాడు. నేలమాళిగ నుంచి మొదలైన మాటలు పెళ్లినాటి దాకా పోయాయి. మైకెన్ అమ్మా నాన్నా ఇబ్బందిగా కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

చివరికి తోర్గైర్ విసిగిపోయాడు. "చూడండమ్మా, మీ ఇద్దరి తగువుని పట్టుకుని పిల్ల గెలుపు తీసెయ్యలేను. పొడి వేసినట్టు రుజువు లేదు. ఇంతకంటే ఎవరూ ఏమీ చెప్పకపోతే తీరిలే జట్టులో ఉంటుంది."

ఇంకేం కావాలి? నోరు మూసుకుని కూర్చుంటే చాలు. తీరిల్ మైకెన్ వైపు చూసింది. మైకెన్ ఆమె వైపు చూసి చిన్నగా తల ఊపింది, ఓర్చుకోవే అన్నట్టు. అమ్మానాన్నల రభసకి ఈ పిల్ల బాధపడుతోందని జాలిపడుతోంది పిచ్చిది.

తీరిల్ భరించలేకపోయింది. లేచి నిలబడి, సంచీలోంచి డబ్బా తీసి వాఫుల్స్ పక్కన పెట్టింది.

"నేనే వేశాను. టేపు నేనే కోశాను. నాన్న రాలేదు. అమ్మకి తెలియదు."

సీవ్ విదార్ వైపు వేలు చూపించింది.

"చూశారా? తను తప్పించుకోవడానికి పిల్ల చేత ఏం చెప్పిస్తున్నాడో. నువ్వసలు తండ్రివేనా?"

"నేను చెప్పించానా? నీ కుర్చీ పోతుందని నువ్వు నేర్పిన పాఠం అది. డబ్బా కూడా నువ్వే సర్ది పంపావు."

"అమ్మా, నేను చెప్పేది..."

"నువ్వు కూర్చో. నీ తప్పేం లేదు."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడు విదార్ కూడా. మూడేళ్లలో వాళ్లిద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే.

తీరిల్ నిలబడే ఉంది. పుట్టాక మొదటిసారి తన తప్పు తనదని ఒప్పుకుంటే, కన్నవాళ్లకి వినే తీరికే లేదు. అప్పుడు మైకెన్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నిజంగా నువ్వేనా?"

"నేనే."

"మీ నాన్న వెయ్యమన్నాడా?"

"ఎవరూ అనలేదు. నువ్వు ఓడిపోవాలని వేశాను."

మైకెన్ ఆమె ముందు చెయ్యి చాపింది. విదార్ వైపు గానీ సీవ్ వైపు గానీ చూపు తిప్పలేదు.

"నా తొడుగులు నాకిచ్చెయ్" అంది.

తీరిల్ సంచీలోంచి తీసి ఇచ్చింది.

"ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు. నీలాంటిదాన్ని నేనెక్కడా చూడలేదు."

మైకెన్ వెళ్లి తన అమ్మానాన్నల మధ్య కూర్చుంది. తోర్గైర్ కాగితం మీద తీరిల్ పేరు కొట్టేసి మైకెన్ పేరు రాశాడు. వెనకాల సీవ్, విదార్ ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు, ఆ డబ్బా ఎవరు తీసుకెళ్లాలన్న విషయం మీద ఇప్పుడు.

తీరిల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకెన్ అన్న మాట సూటిగా వచ్చి తగిలింది, మధ్యలో ఎవరూ లాక్కోలేదు. ఎవరినీ అడగకుండా డబ్బా తీసుకుని తోర్గైర్ ముందు పెట్టి, కోటు వేసుకుని, ఏ ఇంటికి వెళ్లాలో ఎవరూ చెప్పకముందే బయటికి నడిచింది.