మూడున్నర గంటల దూరం

రాజోలు వైపు ఊళ్లలో సమాధి గొయ్యి ముందుగా తవ్వి ఉంచరు. మూడడుగులు దిగితే చాలు, నీరు ఊరుతుంది. ఆఖరి చూపులకు రావలసినవాళ్లంతా వచ్చాకే పార పడుతుంది. ఈ సంగతి మధుబాబుకు తెలియక కాదు. హైస్కూల్లో లెక్కల మాస్టారు కూడాను. తెలిసినవాడు చేసిన తప్పుకు క్షమాపణ ఎక్కడ దొరుకుతుంది?

బావ జాయ్ పోయి రెండు రోజులైంది. అక్క శారోన్ మస్కట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. టికెట్టు ఆ ఇంటావిడే తీసింది. పొద్దున్నే అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది.

"మన టైము ఎనిమిదింటికి విమానం ఎక్కుతున్నానురా. నేనొచ్చేదాకా మీ బావ మీద మట్టి పడనివ్వకు. మాటివ్వు."

"ఆయ్, పడనివ్వనక్కా."

మాటిచ్చి ఫోన్లో వెతికాడు. మస్కట్ నుంచి రాజమండ్రికి రెండువేల అయిదువందల యాభై కిలోమీటర్లు, మూడున్నర గంటలు అని ఉంది. కారులో ఇంకో రెండున్నర. ఆలస్యానికి రెండు గంటలు వదిలినా సాయంత్రం నాలుగు. చర్చి మైకులో భూస్థాపన నాలుగింటికని చెప్పించి, గొయ్యీ ఆ లెక్కకే తవ్వించాడు. అది పిట్ట ఎగిరే దూరమనీ, అక్కడి నుంచి రాజమండ్రికి తిన్నగా విమానమే లేదనీ ఆ మాస్టారి బుర్రకు తట్టలేదు.

అక్క తిన్నగా సమాధుల దగ్గరికే వచ్చేస్తుందనుకున్నాడు. మూడున్నరకు బావ పెట్టె గడప దాటింది. నాలుగింటికి సమాధుల దొడ్లో ఉండగా ఎవరిదో నంబరు నుంచి ఫోను.

"హైదరాబాదులో ఉన్నానురా. నా ఫోను ఇక్కడ పనిచెయ్యట్లేదు, ఇప్పటికి ఒకరిచ్చారు. రాజమండ్రి విమానం అయిదింటికంట."

పొద్దున్నుంచీ ముసురు. గోతిలో అప్పటికే మోకాలి లోతు నీళ్లు.

"ఇంటికి తీసుకెళ్లిపోదామండీ," అని మధుబాబు పాస్టరుగారి చేతులు పట్టుకున్నాడు.

"గడప దాటిన పెట్టె మళ్లీ గడప తొక్కదు మాస్టారూ," అన్నారు సంఘ పెద్దలు.

ఇంక ఎవరినీ అడగలేదు. ప్యాంటు మడిచి, బకెట్టు పట్టుకుని తనే గోతిలోకి దిగాడు. తోడినకొద్దీ ఊరింది. గంటన్నర తోడాడు. చేతులు పడిపోయాయి. ఒక పక్క మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడ్డాయి.

"ఇంక ఆగదండీ, పైకి రండి," అన్నాడు గొయ్యి తవ్విన అబ్బులు. "గట్టు కూలితే పెట్టె కూడా పట్టదండి."

"ఇంకొక్క మూడు గంటలు ఆపు అబ్బులూ, నీకు దణ్ణం పెడతాను," అని మధుబాబు బురదలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అబ్బులు చెయ్యందించి పైకి లాగాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మొదటి గుప్పెడు మట్టి మధుబాబు చేతే వేయించారు.

ఆరు దాటాక ఫోన్ మోగింది.

"దిగేనురా! కారెక్కేను. ఇంకెంతసేపురా?"

"రెండున్నర గంటలక్కా." ఈసారి లెక్కలో తప్పు లేదు.

"మట్టి పడలేదు కదా?"

వెనక అబ్బులు పార తిరగేసి గుట్టను తట్టి చదును చేస్తున్నాడు. ఆ చప్పుడు వినపడకుండా మధుబాబు ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లేదక్కా," అన్నాడు. "నువ్వు రా."