నిలబెట్టి చూడండి

పడుకుంటే పోయే నొప్పిని ఎవరు నమ్ముతారు? హేరిమ్ మొగుడు నమ్మలేదు. ఇద్దరు డాక్టర్లు నమ్మలేదు. నమ్మిన మనిషి ఒక్కరే, ఆమె అత్తగారు బోక్‌సూన్. అసలు చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

దేగు ఊళ్ళో పాత మార్కెట్‌లో అత్తాకోడళ్ళది చేత్తో కోసే నూడుల్స్ కొట్టు. కొట్టంటే ఒక పొయ్యి, ఒక పిండిబల్ల, ఎదురుగా ఏడుగురు ఒకరినొకరు రాసుకుంటూ కూర్చునే బెంచీ. వడ్డించేవాళ్ళకి కూర్చునే చోటు లేదు. పొద్దున ఆరింటికి నిలబడితే మళ్ళీ సాయంత్రమే. మధ్యాహ్నం రెండు దాటేసరికి హేరిమ్‌కి పొత్తికడుపులో ఎడమవైపు ఎవరో తడిబట్టల మూట వేలాడదీసినట్టుండేది. ఆ బరువు తొడల్లోకి దిగేది. నెలసరికి ముందు రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఇంటికెళ్ళి నడుం వాలిస్తే మాత్రం అరగంటలో మాయం.

"పడుకుంటే తగ్గుతుందంటున్నావు, మరి ఇంకేం? మంచి మందు దొరికిందిగా!" అని నవ్వేవాడు మొగుడు కీబోమ్. డెలివరీ లారీ నడుపుతాడు, రోజంతా కూర్చునే ఉద్యోగం. ఇద్దరు డాక్టర్లూ బల్ల మీద పడుకోబెట్టి, స్కానింగ్ చేసి, గర్భసంచి బంగారంలా ఉందన్నారు. టెన్షన్ తగ్గించుకోమ్మా అని పంపేశారు.

బోక్‌సూన్ మాత్రం వినీ వినగానే తేల్చేసింది. "బాలింత గాలి. ఎముకల్లో దూరింది."

ఆ మాట వెనక ఆవిడ తప్పొకటి ఉంది. హేరిమ్ ముగ్గురు పిల్లల్లో చివరివాడు పుట్టినప్పుడు, అక్కడి ఆచారం ప్రకారం ఇరవయ్యొక్క రోజులు కదలకుండా వెచ్చటి నేల మీద పడుకుని, సముద్రపు నాచు పులుసు తాగాల్సిన కోడల్ని, తన చెయ్యి విరిగిందని పన్నెండో రోజునే కొట్లోకి పిలిచింది. చలికాలం. గాలి ఆ రోజే దూరిందని ఆవిడ లెక్క. అందుకే రోజూ సాయంత్రం ప్రాయశ్చిత్తం చేసుకునేది. మధ్యలో కంత ఉన్న చెక్కపీట, కింద మరిగే మాచిపత్రి కుండ, పైన కోడలు, కోడలి చుట్టూ దుప్పటి.

"రావే అమ్మాయ్, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

"ఇవాళ్టికి వద్దత్తయ్యా, కళ్ళు మూతలు పడుతున్నాయి."

"పడితే పీట మీదే పడనీ. నేను పదిహేనేళ్ళు కూర్చున్నాను, నువ్వు పదిహేను నిమిషాలు కూర్చోలేవా? నాకూ ఇదే గాలి. యాభై మూడో ఏట పోయింది. నీకూ పోతుంది."

హేరిమ్‌కి నలభై ఒకటి. అంటే ఇంకా పన్నెండేళ్ళు. పైగా ఆవిరి పట్టిన ప్రతిసారీ ఆ మూట మరింత బరువెక్కుతోంది. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. తిట్టే అత్తగారితో పోట్లాడొచ్చు. డెబ్భై ఒకటో ఏట కొండెక్కి మాచిపత్రి కోసుకొచ్చి, నీడన ఎండబెట్టి, మోకాళ్ళ మీద కూచుని కుండ సర్దే అత్తగారితో ఎలా పోట్లాడతాం? పగలంతా పొయ్యి ముందు, సాయంత్రం కుండ మీద. రెండు మంటల మధ్య హేరిమ్ ఉడికిపోతోంది.

ఏప్రిల్‌లో ఒకరోజు నూడుల్స్ గిన్నె పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే గోడకి జారిపోయింది. పక్క కొట్లో కిమ్చీ పచ్చడి అమ్మే ఆవిడకి పొయ్యి అప్పజెప్పి, బోక్‌సూనే కోడల్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ డాక్టర్ నామ్ అని, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసమే వెతుక్కునే ఆడమనిషి.

"బల్ల మీద పడుకోండమ్మా."

హేరిమ్ కదల్లేదు. ఏళ్ళ తరబడి గొంతులో ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పడుకోను. పడుకుంటే పోతుంది. పోయాక చూసి ఏమీ లేదంటారు. చూస్తే నిలబెట్టి చూడండి, లేకపోతే ఇంటికి పోతాను."

"నోరు ముయ్యవే, డాక్టరుగారితో అలాగేనా మాట్లాడేది!" బోక్‌సూన్ కోడలి చెయ్యి గిల్లింది.

డాక్టర్ నామ్ ఒక్క క్షణం చూసి నవ్వింది. "నిలబడండి అయితే. ఊపిరి బిగబట్టి, ముక్కండి."

స్కానింగ్ తెరమీద గర్భసంచి పక్కన నల్లటి గొట్టాలు మెలికలు తిరుగుతూ ఉబ్బాయి. వానపాముల ఉండలా ఉంది. హేరిమ్‌కి భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. ఉంది. నిజంగా ఉంది.

"కాళ్ళ మీద సిరలు ఉబ్బి నీలంగా కనపడతాయి చూశారూ, అదే లోపల జరిగింది," అంది డాక్టరు. "రక్తం పైకెళ్ళాక వెనక్కి జారకుండా సిరల్లో చిన్న తలుపులుంటాయి. కాన్పుల్లో సిరలు సాగి మీకు ఆ తలుపులు మూసుకోవడం మానేశాయి. నిలబడితే రక్తం కిందికి దిగి నిలవుంటుంది, పడుకుంటే ఖాళీ అవుతుంది. ఇలాంటి సిరలుండి ఏ బాధా లేనివాళ్ళు కూడా బోలెడుమంది. అందుకని సిరలు కనపడగానే జబ్బు అనెయ్యం. మీ నొప్పి తీరు మాత్రం దీనికి సరిగ్గా అతికింది. ప్రాణానికేం భయం లేదు. సన్నటి గొట్టంతో లోపలికెళ్ళి ఆ సిరని మూసేస్తే చాలామందికి తగ్గుతుంది. మీరు సరేనంటే వచ్చే వారమే చేసేద్దాం. అన్నట్టు, వేడి గానీ పెడుతున్నారా?"

హేరిమ్ నేలకేసి చూసింది. బోక్‌సూన్ మాత్రం గర్వంగా ముందుకి జరిగింది. "రోజూ మాచిపత్రి ఆవిరి. నా చేత్తోనే."

"మానేయండి. వేడికి సిరలు ఇంకా సాగుతాయి."

బోక్‌సూన్ గొంతు లేచింది. "మీ చదువులు మీకుండొచ్చు. నాకు తగ్గింది దాంతోనే! ఇదే నొప్పి, ఇదే ఎడమవైపు. యాభై మూడో ఏట చేత్తో తీసేసినట్టు పోయింది."

"నెలసరి ఎప్పుడాగింది పెద్దమ్మగారూ?" డాక్టరు మెల్లగా అడిగింది.

బోక్‌సూన్ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "అదే ఏడాది."

"మిమ్మల్ని పరీక్షించకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను. కానీ నెలసరి ఆగాక చాలామందికి ఈ నొప్పి దానంతటదే తగ్గిపోతుంది."

ఇంటికొచ్చాక, సాయంత్రం ముసలావిడ ఎప్పటిలాగే పొయ్యి మీద కుండ పెట్టింది. ఆఖరికి మళ్ళీ అక్కడికే వచ్చామా అనుకుంది హేరిమ్. గుమ్మం పట్టుకుని చెప్పింది. "నేను కూర్చోనత్తయ్యా."

"నిన్నెవరు కూర్చోమన్నారు?" బోక్‌సూన్ దుప్పటి చుట్టుకుని తనే పీటెక్కింది. ఆవిరి మొహాన్ని కమ్మేస్తుంటే అలాగే కూచుంది. ఆవిరిలోంచే అంది, "మరి నాదేంటే?"

"మీదా?"

"పడుకుంటే పోయేది నొప్పేంటి, బద్ధకం అనేది మా అత్తగారు. కాబోలనుకున్నాను. నాది బద్ధకమేమోనని భయపడి పదిహేనేళ్ళు పగలు నడుం వాల్చలేదు. జ్వరమొచ్చినా వాల్చలేదు. ఇప్పుడీ కుండ కూడా ఉత్తదేనంటే, ఆ పదిహేనేళ్ళూ నేనేం చేసినట్టు?"

హేరిమ్ దగ్గరికెళ్ళి ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యేసింది. ఇన్నాళ్ళ కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "నొప్పి భరించారత్తయ్యా. మీది బద్ధకం కాదు, మీదీ నొప్పే. మిమ్మల్ని నిలబెట్టి చూసినవాళ్ళు లేరు, అంతే."

బోక్‌సూన్ చిన్నపిల్లలా ఏడ్చింది. ముక్కు దుప్పటికే తుడుచుకుంది. తర్వాత దిగి, కుండ ఎత్తి నీళ్ళన్నీ మోరీలో పారబోసి, కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్ కీబోమ్, వచ్చే వారం నీ పెళ్ళానికి ఆపరేషన్. కొట్టు మూసేస్తున్నాం. ఎన్నాళ్ళో డాక్టరు చెప్తుంది. గిరాకీ పోతే పోనీరా! ఏంటీ, నేనొక్కదాన్నీ నడపాలా? నడపను. నేనూ పడుకుంటాను."

అవతల కీబోమ్ గాభరా పడ్డాడు. "నీకేమైందమ్మా?"

"ఇప్పుడేం కాలేదు. అయినప్పుడు ఎవరూ అడగలేదు," అని ఫోన్ పెట్టేసింది.