అమ్మవారు కాదు, మా అత్త

మా అత్త దుర్గవ్వ నోట్లో ఏ మాటా ఉన్నది ఉన్నట్టు ఉండదు. పొలంలో జెర్రిపోతు కనపడితే ఇంటికి వచ్చేసరికి అది నాగుపామై పడగ విప్పుతుంది. పక్కింటి కోడి గుడ్డు పెట్టకపోతే ఎవరో మందు పెట్టారంటుంది. ఊళ్లో ఎవరైనా కాస్త పెంచి చెబితే ‘దుర్గవ్వ ముచ్చట’ అని నవ్వుకోవడం మామూలే. అందుకే బోనాలకు వారం ముందు మేకలను తోలుకొచ్చి, పోచమ్మ గుడి ముందరి జాగా కింద అంతా డొల్లగా ఉందని ఆమె చెప్పినప్పుడు బియ్యం ఏరుతున్న నేను తల కూడా ఎత్తలేదు.

మాది సాతంరాయి నుంచి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. విమానాశ్రయం వచ్చాక మా భూములకు రెక్కలొచ్చాయి. గుడి పక్కన మాకూ మా ఆయన చిన్నాయన కొడుకు మల్లేశ్వర్‌కూ ఉమ్మడిగా ఒక మోటబావి ఉండేది. ఆ జాగా అమ్మొద్దని మా అత్త నెత్తీనోరూ కొట్టుకుంది. మల్లేశ్వర్ అందర్నీ ఒప్పించి అమ్మించాడు. ప్లాట్లు చేసినవాళ్లు బావిలో పగిలిన గోడలూ సిమెంటు పెళ్లలూ పడేసి, పైన మట్టి కప్పి చదును చేశారు. ఇప్పుడు ఆ చదును మీదే మల్లేశ్వర్ బోనాలకు టెంటు వేయిస్తున్నాడు. అక్కడ ఊరి పిల్లలంతా డాన్సు చేయాలి. ముందు వరుసలో మా పిల్ల కూడా ఉంది.

పోరు పడలేక మరునాడు ఆమె వెంట వెళ్లాను. వానకు నేల నెర్రెవిచ్చి ఉంది. ఆమె చేతిలోని మేకల కట్టె ఆ నెర్రెలోకి పిడి దాకా దిగిపోయింది. నేను ఒక రాయి జారవిడిచాను. వెంటనే ఏ చప్పుడూ లేదు. కొంచెం ఆగాక ఎక్కడో లోపల నీళ్లలో పడిన చప్పుడైంది. ఇద్దరం నేరుగా మల్లేశ్వర్ ఇంటికి వెళ్లి చెప్పాం.

అతను మా అత్త మాట పూర్తిగా వినలేదు. “బాయి అమ్మినమని నీ కడుపుమంట ఇంక సల్లారలేదా పెద్దమ్మా,” అన్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. అయినా పెద్దమనసు చేసుకుని ట్రాక్టర్‌తో మొరం మట్టి పోయించి, నెర్రె కనపడకుండా నున్నగా తొక్కించాడు. దాంతో మేము చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. ఆమె చెప్పింది నిజమా కాదా అని ఒక్కరూ అడగలేదు. ఆమె ఎందుకు చెబుతోందో మాత్రం అందరికీ ముందే తెలుసు. నేను ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపొద్దన్నాను. మీ పిల్లకు పాట నచ్చలేదా అని ఒకామె అడిగింది. అత్తాకోడళ్లు ఎప్పుడు కలిసిపోయారని ఇంకొకామె ముసిముసిగా నవ్వింది. మా ఆయన లక్ష్మణ్ విమానాశ్రయంలో సామాన్లు ఎత్తే పని చేస్తాడు. ఫోన్లో అంతా విని, మొరం పోశారు కదా, ఇక గొడవ పెట్టుకోవద్దన్నాడు. మా పిల్లను ఇంట్లో ఉంచుకోగలను. మిగతా పిల్లల్ని ఎవరి ఇంట్లో కట్టేయను?

బోనాల రోజు పొద్దున మా అత్త చాయ్ కూడా తాగలేదు. బోనం కుండకు సున్నం పూస్తూ పూస్తూ ఆగిపోయింది.

“సుమా, నేను జెప్తె ఇంటలేరు. ఆమె జెప్తె ఇంటరు,” అంది.

ఆమె అంటే ఎవరో నాకు అర్థమైంది. మా ఊళ్లో బోనాలప్పుడు పోచమ్మ ఒకరి మీదికి వస్తుంది. వేపమండలు పట్టుకుని, జుట్టు విరబోసుకుని ఊగుతూ ఆ మనిషి ఏది చెబితే అది తల్లి మాటే. దాన్ని శిగం అంటారు. ప్రతి ఏడూ శిగమూగే లచ్చమ్మ ఆ ఏడు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేదు. లేని శిగం ఊగితే తల్లి కళ్లు తీస్తుందని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. అదే అన్నాను.

“పోతె నా కండ్లే పోతయి గద,” అంది.

తలుపు మూసి నేనే ఆమె కొప్పు విప్పాను. ముఖానికి పసుపు రాశాను. నేను సగంలో ఆగితే ఆమే నా మణికట్టు పట్టుకుని కళ్ల కింద దాకా రాయించుకుంది. ఎలా ఊగాలో, గొంతు ఎక్కడ మార్చాలో మెల్లగా అనుకుని చూసుకుంది. చెవులు మూసుకోవాలనిపించింది.

డప్పులు జోరందుకున్నాక ఆమె కేక వేసి మధ్యలోకి దూకింది. జనం రెండుగా చీలిపోయారు. వారం నుంచి ఆమెను చూసి నవ్వినవాళ్లే చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నారు. ఊరి పెద్ద అనంతయ్య ముందుకొచ్చి ఎవరివమ్మా, ఏం కావాలె తల్లీ అని వంగి అడిగాడు.

“నా కడుపు డొల్లగున్నది,” అంది మా అత్త, మా అత్తది కాని గొంతుతో. “టెంటు కింద డొల్ల. గాడ పిల్లల్ని నిలబెట్టకుర్రి.”

ఒక్కరూ కాదనలేదు. మల్లేశ్వర్ ముఖం పాలిపోయింది. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే అనంతయ్య చెంపలు వేసుకుని, బావి పూడ్చామని తల్లికి కోపమొచ్చిందనీ, అక్కడే పసుపునీళ్ల సాక పోసి, అక్కడే యాటపోతును కోసి శాంతి చేస్తామనీ గట్టిగా మొక్కాడు. ఊరంతా ‘అక్కడే తల్లీ’ అంటూ అందుకుంది. డప్పులవాళ్లు తిరిగారు. బోనాల ఆడవాళ్లు, బిందెలు పట్టుకున్నవాళ్లు, యాటను లాక్కొచ్చేవాళ్లు, వాళ్లందరికంటే ముందు ఉరుకుతున్న పిల్లలు, అంతా ఆ మొరం మీదికే నడిచారు.

తల్లి కోపమైతే చల్లార్చాలి కానీ దూరం పోవడమేమిటి, మా ఊరికి అలాగే తోస్తుంది. ఇది మేము అనుకోలేదు. మా అత్త ఊగుతూనే వద్దు వద్దని అరిచింది. ఆమె ఎంత అరిస్తే తల్లికి అంత కోపమనుకుని వాళ్లు అంత తొందరగా నడిచారు. నేను గుంపులోకి దూరి దొరికిన పిల్లనల్లా రెక్క పట్టి లాగాను. ఎవరో నన్ను తోసేశారు. డప్పుల దరువుకు కాళ్ల కింద నేల కూడా అదురుతున్నట్టే ఉంది. అది నిజమో, నా భయమో తెలియలేదు.

గుడి దగ్గరే ఉండిపోయిన మా అత్త ఊగడం ఆపేసింది. వేపమండలు కింద పారేసింది. రెండు చేతులతో జుట్టు ఎత్తి కొప్పు ముడేసుకుంది.

“నా మీద అమ్మవారు లేదు,” అంది తన గొంతుతోనే. “నేనే, దుర్గవ్వను. మీరు నా మాట ఇంటలేరని శిగమొచ్చినట్టు దొంగేసం ఏసిన.”

డప్పులు ఆగాయి. మొరం మీద నిలబడ్డ ఊరంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. ముందు కదిలింది మల్లేశ్వరే. తల్లి పేరు మీద దొంగాటలా అంటూ ఉరికి వచ్చాడు. అతని వెనకే బోనాలవాళ్లు, డప్పులవాళ్లు, తమాషా చూడాలని పిల్లలు, అందరూ ఆమె మీదికి వచ్చారు. ఎవరో చెంప మీద కొట్టారు. ఎవరో కొప్పు పట్టి లాగారు. నేను అడ్డం పడ్డాను కానీ, నిజం చెప్పాలంటే నా కళ్లు ఆమె మీద లేవు. వాళ్ల వెనక ఖాళీ అవుతున్న నేల మీదే ఉన్నాయి. ఇంకా తిట్టండి, ఇంకా ఇటే రండి అని లోపల లోపల మొక్కుకున్నాను.

గుడి మెట్టు దగ్గర ఆమె ముక్కు నేలకు రాయించారు. వచ్చే ఏడు మా ఇంటి బోనం గుడికి రావొద్దన్నారు. శుభమా అని పండగ చేసుకుంటే ఇలా అయిందని డాన్సులు ఆపేశారు. సాయంత్రం పట్టిన వాన తెల్లవారేదాకా కురిసింది.

పొద్దున్నే అరుపులు వినపడితే పోయి చూశాను. టెంటు గుంజలు లేవు. గుడి ముందర మా ఇల్లంత గుంత, అంచులు ఇంకా విరిగి పడుతున్నాయి. లోపల ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. పిల్లల తల్లులు గుండెలు బాదుకుంటున్నారు.

ఎండ ఎక్కేసరికి ఊరంతా పసుపు కుంకుమలు పట్టుకుని మా వాకిట్లో ఉంది. మల్లేశ్వర్ ఏడుస్తూ మా అత్త ముందు సాగిలపడ్డాడు. తల్లి చెప్పింది చెప్పినట్టే జరిగిందని అనంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. వాచిన చెంపతో మా అత్త, అది అమ్మవారు కాదనీ, నెర్రెలో కట్టె దిగడం తానే చూశాననీ ఒక్కొక్కరికీ విడమరచి చెప్పింది. ఈసారి ఒక్క మాట కూడా పెంచలేదు. అనంతయ్య చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు.

“తల్లి ఒచ్చినప్పుడు మనిషికి ఎర్కుండదు దుర్గవ్వా. నిన్న ఆమె జెప్పిందే నిజం. ఆమె లేదని నువ్వన్నదే అబద్ధం.”

ఆడవాళ్లు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు కడగమని బిందె నాకు ఇచ్చారు. ఆ జుట్టు విప్పింది నేను. ఆ పసుపు రాసింది నేను. ఆ గొంతు తలుపు చాటున ఎలా తయారైందో విన్నదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఆ గుంత చూసి వచ్చినప్పటి నుంచి నా ఒంటి మీద వెంట్రుకలు అణగలేదు. ఆమె పాదాల మీద నీళ్లు పోసి, కళ్లకు అద్దుకున్నాను. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మా అత్త పాదాలు వెనక్కి లాక్కుంది. నిన్న అన్ని దెబ్బలు తిన్నప్పుడు కూడా ఆమె ముఖం అలా లేదు.

“నువ్వు గూడనా సుమా,” అంది. “నువ్వన్నా నా మాట నమ్ము.”

నమ్ముతున్నానని చెప్పాలనే తలెత్తాను. నోటికి వచ్చింది మాత్రం ‘తల్లీ’ అని.