దానంతట అదే

కరెంటు పోయి వచ్చింది. ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో కంప్యూటరు మళ్ళీ మొదటి నుంచి లేచి, అలవాటు ప్రకారం పొరపాటు చేసింది. పరీక్ష యంత్రం మాటను కంప్యూటరుకు చేరవేయడానికి డ్రైవరనే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని పక్కనబెట్టి, కనబడ్డ ప్రతి పరికరానికీ నేనున్నానని ఎగబడే మరో డ్రైవరును తగిలించింది. ఆ రెండింటికీ పొసగదు. యంత్రం ఎర్రదీపం వేసుకుని మొరాయించింది.

అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని, కణుపులు వాచిన వేళ్ళతో టైపు చేశాడు. తగులుకున్న డ్రైవరు తాలూకు 'అన్‌బైండ్' అనే ముడి విప్పే ఫైల్లోకి యంత్రం నంబరు పంపాడు. వదిలింది. అసలు డ్రైవరు తాలూకు 'బైండ్' అనే ముడి వేసే ఫైల్లోకి అదే నంబరు పంపాడు. పచ్చదీపం.

"అయిందా, పెళ్ళిళ్ళ పేరయ్య గారూ?" అంది టెక్నీషియనమ్మ, రక్తం గొట్టాల బుట్టతో.

"విడాకులూ అయ్యాయి, పెళ్ళీ అయింది. కానివ్వమ్మా."

ఇన్నేళ్ళుగా ఇదే కాపురం. జ్వరమొచ్చినా మందు మింగి వచ్చాడు. ఎవరికి ఎవరు తగలాలో ముందే కంప్యూటర్లో నాలుగు ముక్కలు రాసిపెడితే లేచిన ప్రతిసారీ దానంతట అదే చూసుకుంటుందని ఆయనకు తెలుసు. రాయలేదు. మొదట బద్ధకం, తర్వాత భయం. దానంతట అదే కుదిరిపోతే తననెవరు పిలుస్తారు?

ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, అల్లుడు కారు తెస్తున్నాడు. చీకటి పడకముందే బయల్దేరాలిట. వస్తావా, ఆ పెట్టెనే పట్టుకుని వేలాడతావా?"

"వస్తానక్కా."

"నీ రావడం నాకు తెలీదూ! నా కూతురి పెళ్ళికీ భోజనాలయ్యాక వచ్చావు, మేనమామవి."

అక్క చేతుల్లోనే పెరిగాడు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. కూతురి దగ్గరికి వెళ్ళిపోతే మళ్ళీ ఇద్దరూ ఉంటున్న ఇంటి మెట్లెక్కేది లేదు. ఈసారైనా ఎదురుగా నిలబడి సాగనంపాలి.

మధ్యాహ్నం ఆ నాలుగు ముక్కలూ రాసేశాడు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాడు. ఎవరూ ముట్టుకోకుండానే పచ్చదీపం.

సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు. గాలివాటంగా కుదిరిందేమో! మళ్ళీ ఆపి, వేశాడు. పచ్చదీపం.

"వెళ్ళండి బాబూ, అదేం మీ మీద బెంగపెట్టుకోలేదు" అంది టెక్నీషియనమ్మ.

"ఇంకొక్కసారమ్మా."

ఈసారి తీగే పీకాడు. కాసేపాగి పెట్టాడు. తప్పు చేస్తుందేమోనని చూశాడు. చేస్తే బాగుండునని కూడా, కొంచెం. అది చేయలేదు. అయినా కుర్చీ లాక్కుని, ఆ పచ్చదీపాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు.

ఇల్లు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. పక్కింటావిడ తాళంచెవి అందించింది.

"మీ కోసం చాలాసేపు చూశారండీ. అల్లుడుగారు తొందరపెట్టారు. కారెక్కాక కూడా సందు చివరిదాకా వెనక్కే చూస్తూ వెళ్ళారు మీ అక్కగారు."

ఆయన తాళం తీసి లోపలికి వెళ్ళాడు. వంటింట్లో లైటు వేశాడు. పొయ్యి గట్టు మీద, ఈగ వాలకుండా సాసరు మూతపెట్టిన గ్లాసు; అందులో మీగడ కట్టి చల్లారిపోయిన టీ.