రేవు లేని రోజు

పెద్ద మామా ఉబ్బిన పాదాలకు నూనె రాసి, మేజోళ్లు తొడిగి, చిన్నక్క ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. అరబ్బు ఇంటావిడను మామా అని, ఆవిడ ముసలి తల్లిని పెద్ద మామా అని పనివాళ్లు పిలవడం అక్కడి వాడుక. కువైట్‌లో, జాబ్రియా ఇంట్లో, ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే చేసిన పనే. ఇక్కడ, ఈ విహార ఓడలో, నేల కొద్దిగా ఊగుతోంది, అంతే. ఆ రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. "ఇవాళ నువ్వు కూడా మా అమ్మ పక్కన హాయిగా కూర్చో," అని మామా నిలువెల్లా కప్పే తన పాత అబాయా, నల్ల కళ్లద్దాలు ఇచ్చింది.

పై డెక్కు మీద వాలుకుర్చీలో కూర్చోగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చిన్నక్కకు తోచలేదు. కాసేపటికి గాలి చల్లగా తగిలింది. చుట్టూ నీళ్లే. పిలిచే గంట లేదు, కడగాల్సిన గిన్నె లేదు. రాయచోటి పక్క పల్లెలో శనక్కాయలు పీకిన మనిషి, పట్టపగలు కాళ్లు చాపుకోవడం ఇదే మొదలు.

తువాళ్లు పంచుతూ వచ్చిన నడివయసు మనిషి ఆమె ముంజేతి పచ్చబొట్టు చూసి ఆగాడు.

"అక్కా, మనోళ్లేనా? తెలుగచ్చరాలు కనపడ్తే అడిగినా. నా పేరు ఆంజి, పులివెందల మాది. ఎవురింట్లో పనిచేస్తాండావు?"

చివరి మాట గుచ్చుకుంది. చిన్నక్క చేయి అబాయాలోకి లాక్కుని, నీ మాట నాకు తెలియదని అరబ్బీలో అంది.

ఆంజి ముఖం చిన్నబోయింది. పెద్ద మామా కళ్లు తెరిచి, చిన్నక్క దగ్గర నేర్చిన నాలుగు తెలుగు ముక్కల్లో రెండు వెతుక్కుని, "నా బిడ్డ," అంది.

అతను ఇద్దరినీ చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

చిన్నక్క చెవులు మండిపోయాయి. ముసలామె తన కోసం తెలుగు మాట్లాడింది. తానేమో తెలుగే రాదంది. పెద్ద మామా అతను వెళ్లిన వైపు చేయి చూపి, "యల్లా," అంది, పోయి చెప్పు అన్నట్టు.

ఆంజి మెట్ల దగ్గర తడి తువాళ్లు మూట కడుతున్నాడు.

"తమ్ముడా, అబద్దమాడితి. నేనూ పనిమనిషినే. ఒక్క దినం కాకుండా ఉందామనుకుంటి."

"దానికేముందిలేక్కా," అన్నాడు తలెత్తకుండా. "నేను ఓడలో ఆఫీసరని మా ఇంట్లో చెప్పుకుంటాండా."

ఇద్దరూ నవ్వలేదు. ఆమె మూట ఒక కొస పట్టుకుంది.

తిరిగొచ్చేసరికి మామా తన తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముసలామె తల పక్కకు వాలింది. ఓడ డాక్టరు నాడి చూసి, సముద్రం వైపు తెరుచుకున్న ఆ కళ్లు మూశాడు.

"ఎక్కడికి పోయావు?" అంది మామా. గొంతులో కోపం కూడా లేదు. చిన్నక్క ఏం చెప్పినా సాకే.

చక్రాల కుర్చీని తోసుకుంటూ అందరూ వెళ్లిపోయారు. చిన్నక్క కూర్చున్న వాలుకుర్చీ మీద, ఎండ తగలకుండా చేతిరుమాలు కప్పి, పెద్ద మామా వణికే వేళ్లతో వలిచి పెట్టిన కమలాపండు ఉంది. సగం తొనలకు తెల్లటి పీచు ఇంకా అంటుకునే ఉంది.