మేనమామ ఎత్తిన గంప

నేను ఒక వెదురు గంపను. గంపంటే పేడ ఎత్తేదేగా అని తేలిగ్గా తీసెయ్యకండి. నేను పెళ్ళి గంపను. మా గోదారి లంకల్లో పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తాడు. మా ఊళ్ళో చాలా ఏళ్ళు ఆ గంపను నేనే.

నన్ను అల్లింది మేదరి నూకాలమ్మ. అల్లుతూ అల్లుతూ మధ్యలో ఆపి, తనే నాలో కూర్చుని ఊగి చూసుకునేది. పెళ్ళిపిల్ల కింద పడితే తన పరువే పోతుందని ఆవిడ భయం. లంకలో ఉండే మాణిక్యమ్మ గారు కూతురు భూలక్ష్మి పెళ్ళికి నన్ను కొన్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా నన్నే అడిగి తీసుకెళ్ళేవారు. మేనమామల్ని చాలామందిని చూశాను లెండి. పిల్ల దూదిపింజలా ఉందంటూనే నాలుగడుగులకి ఆయాసపడేవారు, ఫొటో తీసేవాడు కనిపిస్తే మళ్ళీ నిటారుగా నిలబడేవారు.

మనుషుల వరసలు మాత్రం నాకో పట్టాన అర్థం కాలేదు. బాబాయి కూతురు చెల్లెలట. ఆమె మీద మనసు పడితే కాళ్ళు విరగ్గొడతారు. మేనత్త కూతురు పెళ్ళామవుతుందట. వద్దంటే అలుగుతారు. ఇద్దరికీ తాత ఒక్కడే. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవచ్చు, అన్న కూతురి ఊసెత్తితే ఊరే వెలేస్తుంది. ఒక పెళ్ళిలో ప్లీడరు గారొకాయన నా పక్కనే కుర్చీ వేసుకుని వివరించారు. చట్టం ఇలాంటి దగ్గరి పెళ్ళిళ్ళు కూడదంటుందట, మీలో ఆచారముంటే మాత్రం సరేనంటుందట. వాకిట్లో చెప్పులు విడిచి, పెద్దావిడని అడిగి లోపలికొచ్చే కొత్తల్లుడిలా ఉందే చట్టం అని నవ్వుకున్నాను. అలాగని వరసలన్నీ వెర్రితనమని నేననను. ఒక ఇంట్లో ఆడపిల్ల బెరుకు లేకుండా తిరగాలంటే, కొందరు ఆమెకి ఏమవుతారో ఎప్పటికీ అదే అయి ఉండాలి. ఈ సంగతి నాకు చంద్రం వల్ల తెలిసింది.

చంద్రం భూలక్ష్మి తమ్ముడు. ఆవిడ భర్త పోయి చంటిపిల్ల తాయారుతో పుట్టింటికి వచ్చేనాటికి అతనికింకా మీసాలు రాలేదు. తండ్రి అప్పటికే లేడు. రేవులో లాంచీ మీద పనికి కుదిరి, కొన్నాళ్ళకి తనే నడపడం మొదలుపెట్టాడు. తాయారుకి జ్వరమొస్తే భుజాన వేసుకుని ఏరు దాటించిందీ, ఈత నేర్పిందీ, టీచరు ట్రైనింగు చదివించిందీ అతనే. తాయారుకి బళ్ళో ఉద్యోగమొచ్చాక మాణిక్యమ్మ గారు, పిల్లని పరాయింటికి పంపడమెందుకు, చంద్రానికే చేసేద్దాం అన్నారు. చంద్రం మీ ఇష్టమన్నాడు. తాయారూ మీ ఇష్టమే అంది. ఎవరి ఇష్టమూ ఎవరూ అడగకుండానే ముహూర్తం పెట్టేశారు.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే నన్ను అటక మీంచి దించి, పసుపు రాసి వాకిట్లో ఆరబెట్టారు. అప్పుడొచ్చింది భూలక్ష్మికి అనుమానం.

"అమ్మా, రేపు గంప ఎవరెత్తుతారే? మేనమామ పీటల మీద ఉంటాడు కదా."

"దానికేముందే. వరసకి మామయ్యేగా, వెంకట్రాజుని ఎత్తమను" అన్నారు మాణిక్యమ్మ గారు.

చంద్రం పందిరికి తాటాకులు కడుతున్నాడు. నిచ్చెన దిగొచ్చి నా అంచు మీద చెయ్యి వేశాడు.

"ఎవరో ఎందుకే? దాన్ని నేనే ఎత్తుతాను."

"పెళ్ళికొడుకువి, నువ్వెలా ఎత్తుతావురా?"

"పెళ్ళికొడుకుని కానమ్మా. నా వల్ల కాదు."

మాణిక్యమ్మ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "మనలో తప్పేంట్రా? నేను మా మేనమామని చేసుకోలేదా? మీ నాన్న నన్నేనాడైనా నొప్పించాడా?"

"తప్పని నేనన్లేదమ్మా. నిన్నూ నాన్ననీ ఒక్క మాటనను. ముహూర్తం పెట్టిన కాణ్ణించీ తాయారు నన్ను మామయ్యా అని పిలవట్లేదు. రేవుకి క్యారేజీ తెచ్చి, నేను వెనక్కి తిరిగి చూసేదాకా అలా నిలబడి ఉంటోంది. అవతలి ఒడ్డుకి వినపడేలా పిలిచే పిల్లమ్మా ఇది. ఆచారం చేసుకోవచ్చంది. చేసుకుని తీరాలన్లేదుగా."

"ముందే చెప్పొచ్చు కదరా" అంది భూలక్ష్మి.

"నీ కూతుర్ని కాదన్నానని నువ్వు బాధపడతావేమోనని..."

మొహాన పసుపుతో గుమ్మంలో నిలబడ్డ తాయారు అక్కడే కూలబడింది. "నేను వద్దంటే, పెంచినవాణ్ణే కాదందంటారని భయపడ్డాను మామయ్యా" అని ఏడ్చింది. మామయ్యా అన్న ఆ పిలుపుకి చంద్రం మొహం చూడాలి మీరు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎందరు మీసాలు మెలేసినా, అంత మగతనం నాకెక్కడా కనిపించలేదు.

మాణిక్యమ్మ గారు వచ్చి నా పక్కన చతికిలబడ్డారు. తర్వాత నా వైపు చూస్తూ మెల్లగా అన్నారు. "నా పెళ్ళికి నన్నెవరూ ఎత్తలేదురా. ఎత్తాల్సినవాడు పీట మీద కూర్చున్నాడు. ఇంకో మామ లేడు నాకు. నడిచే వెళ్ళాను. మీ నాన్న మంచివాడే. కానీ ఆ రోజు నించీ నాకు మేనమామ లేకుండా పోయాడు." కొంగుతో మొహం తుడుచుకుని, పందిరి విప్పేయమన్నారు.

పీటల దాకా వచ్చిన పెళ్ళి మానుకున్నారని ఊరంతా ఆడిపోసుకుంది. కొందరు చంద్రంతో మాటలు మానేశారు. ఏరు దాటక తప్పదు కనక లాంచీ ఎక్కి, మొహం మాత్రం నీళ్ళ వైపు తిప్పుకుని కూర్చునేవారు. అతను అందర్నీ క్షేమంగానే దింపేవాడు.

మరుసటేడు వేసవిలో తాయారుకి అవతలి ఒడ్డు మాస్టారితో పెళ్ళైంది. పిల్ల కోరి చేసుకున్న సంబంధం. చంద్రం నన్నెత్తినప్పుడు నాకు బరువు తెలియలేదు. అతనికి ఆయాసం రాలేదని చెప్పను గానీ, మండపం చేరాక కూడా కాసేపు దింపలేదు. ఫొటో తీసేవాడి వైపు అసలు చూడనేలేదు.

ఇప్పుడు నా అడుగు సడలిపోయింది. కోడిపిల్లల మీద బోర్లిస్తున్నారు. నాకేం బాధ లేదు, వాటికీ కాపుదల కావాలి కదా. అయితే ఆ పెళ్ళినాటి ముచ్చట ఇంకొకటి ఉంది. తాళి కట్టడం అయ్యాక అందరూ భోజనాలకి వెళ్ళారు. నన్ను మండపం మూల వదిలేశారు. మాణిక్యమ్మ గారొక్కరే వచ్చి, అటూ ఇటూ చూసి, కుచ్చెళ్ళు సర్దుకుని నాలో కూర్చున్నారు. వెనక్కి తిరిగి ఒకసారి చూశారు, అక్కడెవరూ లేరు. కాసేపటికి నా అంచు పట్టుకుని తనే లేచి, భోజనాల వైపు నడిచి వెళ్ళారు.