అమ్మ ముఖానికి సరిపోయే కార్డు

పేరుకు రంగులక్కే గానీ, ఆవిడ ఒంటి మీద బూడిదరంగు తప్ప ఇంకో రంగు చూసినవాళ్లు లేరు. పనిగది గోడలు బూడిదరంగు, కిటికీ తెర బూడిదరంగు, ఆఖరికి కుర్చీలో దిండు కూడా అదే. పాత నలుపు-తెలుపు ఫోటోలకి కంప్యూటర్ మీద రంగులు వేయడం ఆవిడ వృత్తి. పక్కన ఏ రంగున్నా దాని ఛాయ గాజు మీద పడి కన్ను మోసపోతుందని ఆవిడ నమ్మకం. ఎర్రచొక్కా తొడుక్కొచ్చిన పెద్దమనిషిని గుమ్మం అవతలే నిలబెట్టి మాట్లాడి పంపేసిన రోజులున్నాయి. ఆయన నొచ్చుకున్నాడు. అయినా వాళ్ల తాతగారి ఫోటో ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆ గదిలోకి పొద్దు రాదు, పోదు. బయట ఎండ కాసినా వాన పడినా లోపల ఒకటే వెలుతురు, అది మానిటర్‌ది. మానిటరంటే ఇప్పటి పలకల్లాంటిది కాదు. ముందు గాజు, వెనక మూరెడు పొడుగు బుర్ర, జరపాలంటే ఇద్దరు పట్టాలి. స్విచ్ వేస్తే కడుపులోంచి ఒక్కసారి గుమ్మని మూలిగి, కాసేపు చీకట్లోనే ఉండి, తరవాత నిద్రలోంచి కళ్లు తెరిచినట్టు మెల్లగా వెలిగేది. వెచ్చబడ్డ దుమ్ము వాసన గదంతా పరుచుకునేది. రంగులక్కకి ఆ వాసనంటే ఇష్టం.

దాన్ని మార్చెయ్యమని చెప్పనివాళ్లు లేరు. ఆవిడ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. కారణం ఒకటే. అందులో అమ్మ ఉంది.

అమ్మ పోయేనాటికి రంగులక్కకి పదేళ్లు దాటాయి, చెల్లికి మూడు నిండలేదు. ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో, అదీ నలుపు-తెలుపు. నాన్న కూడా పోయాక అమ్మ ముఖం ఏ రంగో చెప్పగలిగినవి ఇక రంగులక్క కళ్లే. ఆ ఫోటోని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, పైవాళ్ల పని తెమిలాక రోజూ కాసేపు దాని ముందు కూర్చునేది. బుగ్గ మీద చిటికెడు ఎరుపు వేసి, వెనక్కి వాలి చూసి, "ఇంకాస్త" అనుకునేది. మర్నాడు మళ్లీ ఇంకాస్త. ఏళ్ల తరబడి అలా దిద్దగా దిద్దగా, ఈమధ్యనే, ఆ గాజు మీద, అమ్మ అమ్మలా కనిపించడం మొదలుపెట్టింది. దాన్ని ఆవిడ కాగితం మీదికి ఎక్కించలేదు. ఎవరికీ చూపించలేదు, చెల్లికి కూడా.

చెల్లి చదువుకునే రోజుల్లో అడిగేది, అమ్మ ఎలా ఉండేదని. "బొమ్మ పూర్తి కానీ, నువ్వే చూద్దువు గాని" అనేది అక్క. అడిగి అడిగి చెల్లి మానేసింది. ఆమెకి పెళ్లయింది, రెండు వీధుల అవతల కాపురం పెట్టింది, బొమ్మ మాత్రం పూర్తి కాలేదు.

ఒక ఉదయం స్విచ్ వేస్తే మానిటర్ మూలిగింది గానీ కళ్లు తెరవలేదు. రంగులక్క మూడుసార్లు ఆర్పి వేసి చూసింది. మరిదికి ఫోన్ చేసింది. మరిదంటే చెల్లెలి భర్త, కంప్యూటర్లు బాగుచేయడమే అతని పని. వచ్చి కంప్యూటర్ పెట్టె విప్పి, లోపల్నుంచి అరచేతంత పలక ఒకటి ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని మాడు వాసన చూశాడు.

"మానిటర్ నిక్షేపంలా ఉంది వదినా. మీ బొమ్మలూ డిస్కులో భద్రంగానే ఉన్నాయి. పోయింది ఈ గ్రాఫిక్స్ కార్డు. బొమ్మని తెర మీదికి పంపేది ఇదే."

"అయితే కొత్తది పెట్టండి."

"అక్కడే ఉంది చిక్కు. మీ మానిటర్‌ది పదిహేను సూదుల నీలం ప్లగ్గు. ఇప్పటి కార్డులకి అది దూరే సందే ఉండదు. దీని భాష వాటికి రాదు, వాటి భాష దీనికి రాదు. హాయిగా కొత్త మానిటర్ కొనుక్కుంటే..."

"మరిదిగారూ, ఆ రంగుని నేను ఈ గాజు మీదే చూశాను. ఇంకో గాజు మీద అదే ఉంటుందని మీరు మాటివ్వగలరా?"

మరిది ఇవ్వలేకపోయాడు. తల గోక్కుని, "కుదిరే కార్డు ఎక్కడైనా ఉందేమో వెతుకుతాను. కానీ ఒక్కో కార్డు రంగుని ఒక్కోలా పంపుతుంది, ముందే చెబుతున్నాను" అన్నాడు.

ఆ రోజంతా రంగులక్క నల్లటి గాజు ముందు కూర్చుంది. కళ్లు మూసుకుని అమ్మని తలుచుకుంటే అమ్మ రాలేదు, తెర మీది బొమ్మే వచ్చింది, అదీ అంచులు కరిగిపోతూ. ఇంతకీ తనకి గుర్తున్నది అమ్మా, బొమ్మా? ఆ అనుమానం ఆవిడకి మొదటిసారి కలిగింది. కలిగింది కలిగినట్టు పోకుండా పక్కనే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం మరిది మూడు కార్డులు పట్టుకొచ్చాడు. వెంట చెల్లి కూడా వచ్చింది. ఆమె పసుపుపచ్చ బట్టల్లో ఉంది. రంగులక్క లోపల్నుంచి బూడిదరంగు శాలువా తెచ్చి ఆమెకి మెడదాకా కప్పింది.

"నన్నూ గోడలో కలిపేశావు," అంది చెల్లి. "ఇవాళైనా చూడనిస్తావా, కళ్లకి గంతలు కూడా కడతావా?"

"ఇంకా పూర్తి కాలేదే."

"నాకు తల నెరుస్తోందక్కా."

రంగులక్క తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.

మరిది మొదట కొత్త కార్డు పెట్టాడు. దానికీ మానిటర్‌కీ నడుమ అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించి, "ఇది దుబాసీ. దాని భాషని దీనికి అర్థమయ్యేలా చెబుతుంది" అన్నాడు. మానిటర్ మూలిగింది. చీకటి పలచబడింది. అందులోంచి అమ్మ వచ్చింది.

పాలిపోయి ఉంది. జుట్టులో నలుపు నలుపు కాదు, పొగమంచు. పెదవులకి రంగే లేదు.

"ఇది కాదు," అంది రంగులక్క వెంటనే. దుబాసీలందరూ ఇంతే, చెప్పిందాంట్లో సగం మింగేస్తారని మరిది గొణుక్కున్నాడు. కానీ రంగులక్క కళ్లు తిప్పుకోలేదు. గది ఆవిడ చుట్టూ మెల్లగా వెనక్కి జరిగిపోతున్నట్టుంది.

"ఇది తెల్లారకముందు అమ్మ," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "ఎవరూ లేవకముందే చన్నీళ్లతో ముఖం కడుక్కుని కిటికీ దగ్గర నిలబడేది. నేను మెలకువగానే ఉండి నిద్ర నటించేదాన్ని. ఆవిడకి తెలుసు. తడిచేత్తో నా అరికాలు తాకి వెళ్లిపోయేది. ఉలిక్కిపడకుండా ఉండడానికి నానా అవస్థా పడేదాన్ని."

చెల్లి వింటోంది. అమ్మ గురించి అక్క నోట ఒక్కసారి ఇన్ని మాటలు రావడం ఆమె ఎరగదు. శాలువా ఒంటికి దగ్గరగా లాక్కుని కుర్చీ ముందుకి జరుపుకుంది.

రెండోది పాతసామాన్ల కొట్టులో దొరికిన కార్డు. నీలం ప్లగ్గు అందులోకి సుఖంగా దూరింది. "ఇవి రెండూ ఒక ఈడువి, మాట కలవచ్చు" అన్నాడు మరిది. మాట కలిసింది గానీ పూర్తిగా కాదు. కార్డులో నీలం సన్నగిల్లిపోయి, తెర అంతా పసుపు తేలింది. అమ్మ చిన్న బల్బు వెలుతుర్లో కూర్చున్నట్టుంది.

"ఇదీ కాదు," అంది రంగులక్క. ఈసారి ఆ మాటలో పట్టు లేదు. "సాయంత్రాలు మన బట్టలు కుట్టేటప్పుడు ఇలా ఉండేది. దారాన్ని పళ్లతో తెంపేది. నాన్న కత్తెర తెచ్చి చేతిలో పెడితే, బుద్ధిగా తీసుకుని పక్కన పడేసి, మళ్లీ పళ్లతోనే. ఏదో కూనిరాగం తీసేది, దానికి మొదలే తప్ప చివర లేదు. నువ్వు ఆవిడ ఒళ్లో పడుకుని దారపుండ నోట్లో పెట్టుకునేదానివి."

"నేనా?"

"నువ్వే. తడిదారం సూదిలోకి తేలిగ్గా ఎక్కుతుందని అమ్మ నిన్ను వెనకేసుకొచ్చేది."

ఇవన్నీ ఇన్నాళ్లూ ఎక్కడున్నాయో రంగులక్కకే తెలియలేదు. ఒక్క రంగు కోసం కూర్చుని కూర్చుని, మిగతా అమ్మనంతా గుమ్మం బయట నిలబెట్టేసిందేమో అనిపించింది.

మూడోది నడివయసు కార్డు. దానికి చిన్న తొడుగు వేస్తే నీలం ప్లగ్గు వచ్చి కూర్చుంది. "వీడికి రెండు భాషలూ వచ్చు, దుబాసీ అక్కర్లేదు" అన్నాడు మరిది. ఈసారి బొమ్మ తెరవడానికి ముందు నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీ ఒకటి తెర మీద పెట్టాడు. రంగులక్క లేచి, తన బూడిదరంగు కొంగు గాజుకి ఆనించి, కొంగునీ పట్టీనీ పక్కపక్కన చూసుకుంది. బూడిద బూడిదలాగే ఉంది, ఎటూ మొగ్గలేదు. ఇంత నికార్సైన బూడిదని ఆ గాజు మీద చూసి ఎన్నాళ్లయిందో. ఆవిడ మనసు తేలికపడింది.

"ఇదే," అంది. "ఇక అమ్మని తెరవండి."

మరిది తెరిచాడు. అమ్మ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. బుగ్గలు, ముక్కు, చెవులు, మెడ దాకా ఒకటే ఎరుపు.

మరిది నెమ్మదిగా అందుకున్నాడు. "వదినా, కార్డు తప్పు కాదు. ఇది రంగుని ఉన్నదున్నట్టు పంపుతోంది. ముందటి రెండూ ఎరుపుని కూడా కొంత మింగేశాయి కాబట్టి బయటపడలేదు. మీ పాత కార్డే కొన్నేళ్లుగా ఎరుపుని తక్కువ పంపుతూ వచ్చుంటుంది. రోజూ చూసే కంటికి అది తెలియదు. మీరేమో ఎరుపు చాలట్లేదని కలుపుతూ పోయారు."

"మరి ఇన్ని ఫోటోలు ఇచ్చాను. ఒక్కరూ అనలేదే."

"ఫోటోలు అచ్చువేసే ల్యాబ్ ఆయన మీ పని రాగానే ముందు ఎరుపు తగ్గించి, ఆ తరవాతే అచ్చు వేస్తాడట. నాతో ఎప్పుడో అన్నాడు. మీతో చెప్పే ధైర్యం ఎవరికుంది వదినా?"

అమ్మ బొమ్మ ల్యాబ్‌కి వెళ్లలేదు కనుక దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. రంగులక్క కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లు కళ్లు కాయలు కాసేలా చూసింది అమ్మని కాదు, చెడిపోతున్న ఒక కార్డుని. చెల్లికి దాచి దాచి ఇవ్వాలనుకున్న ఒకే ఒక్క వస్తువు తప్పుగా తేలింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

చెల్లి ఇవేవీ వింటున్నట్టు లేదు. గాజుకి బాగా దగ్గరగా వంగి, ఊపిరి తగిలి మసకబారితే శాలువా అంచుతో తుడిచి మరీ చూస్తోంది.

"అక్కా, అమ్మకి ఎవరి మీద ఇంత కోపం?"

రంగులక్క తడికళ్లతోనే తెర వైపు చూసింది. పొంగిన ముక్కుపుటాలు, కందిన చెవులు. ఆవిడ నోట మాట దానంతటదే వచ్చింది.

"నీ మీద."

"నా మీదా?"

"గేటు తీసి ఉంది. నీకు పరుగెత్తడం కొత్తగా వచ్చింది. ఎవరిదో కుక్కపిల్ల వెళుతుంటే దాని వెంట రోడ్డు మీదికి పోయావు. లారీ వస్తోంది. అమ్మ ఆరేస్తున్న బట్టలు మట్టిలో పారేసి, కాళ్లకి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. లారీ ఆగింది. నిన్ను చంకనేసుకొచ్చి మెట్ల మీద కూలబడింది. అప్పుడు ముఖం ఇదిగో, ఇలాగే, జేవురించి ఉంది."

"తిట్టిందా?"

"తిట్టడమా? వీధి వీధంతా తలుపులు తీసుకుని బయటికొచ్చింది. నోరు నొప్పెట్టేదాకా తిట్టి, వీపు విమానం మోత మోగించింది."

"నన్నే?"

"నిన్నే. అడ్డొచ్చానని నాకూ రెండు పడ్డాయి. ఆ తరవాత నిన్ను దింపితే ఒట్టు. సాయంత్రం దాకా ఒక చేత్తోనే పనులన్నీ చేసుకుంది."

చెల్లి నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లలోంచి నీళ్లు కారి శాలువా మీద పడ్డాయి. "నాకు అమ్మంటే మంచం మీద పడుకున్న మనిషే అక్కా ఇన్నాళ్లూ. అందరూ జబ్బు గురించే చెప్పారు. నన్ను కొట్టిందని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు."

రంగులక్క ముఖం తుడుచుకుని, అలవాటు కొద్దీ మౌస్ మీద చెయ్యి వేసింది. ఎరుపుని కొంచెం కొంచెంగా వెనక్కి లాగితే చాలు, గంటలో ముఖం తేటపడుతుంది.

చెల్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తగ్గించకక్కా. కాసేపు తిట్టనీ నన్ను."

రంగులక్క చెయ్యి తీసేసింది. మరిది స్క్రూడ్రైవర్ అందుకుని, ఆ మూడో కార్డు ఇక కదలకుండా దాని మర బిగించాడు.